శనివారం మబ్బులు

ఆ ఏడు దసరా వెళ్ళిన మూడో రోజున ఫిషింగ్ హార్బర్‌లో మా బోటు ఓనర్ల సంఘం ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. జాలరిపేటలో ఇంటర్ దాకా చదివి టైపు పరీక్ష పాసైన ఆడపిల్లని నేనొక్కదాన్నే కావడంతో, సంఘం సెక్రటరీ కృష్ణంరాజు మావయ్య నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నాడు. పేరుకి టైపిస్టుని. ఆఫీసు ఊడ్చేదీ, డీజిలు చీటీలు రాసేదీ, ఐసు కోసం ఫ్యాక్టరీ వాళ్ళకి ఉత్తరాలు కొట్టేదీ, ఫోనెత్తి అవతలివాళ్ళ బూతులు వినేదీ కూడా నేనే. ఇప్పుడు కంప్యూటర్ కూడా నా నెత్తిన పడింది. పాత పనుల్లో ఒక్కటీ తగ్గలేదు.

దాన్ని తెప్పించడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడాది మత్స్యకారులు వేటకి వెళ్ళవద్దని రేడియోలో అయిదుసార్లు చెబితే, నాలుగుసార్లు ఆకు కూడా కదల్లేదు. బోట్లు ఒడ్డున కట్టేసుకుని, ఐసు కరిగి నీరైపోతుంటే చూస్తూ కూర్చుని, జనానికి రేడియో మీద నమ్మకం పోయింది. అలాంటప్పుడు మావయ్య ఎవరో షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఆకాశం మీంచి తీసిన మబ్బుల బొమ్మ చూశాడు. బంగాళాఖాతం మొత్తం ఒక్క బొమ్మలో కనిపిస్తోందట. ఒకడు చెప్పింది వినడం దేనికి, మన కళ్ళతో మనమే చూసుకుందాం అని బయల్దేరాడు.

నేర్పడానికి స్టీలు ప్లాంటులో కంప్యూటర్ల సెక్షన్‌లో పనిచేసే తిరుమలరావు గారు రెండు ఆదివారాలు స్కూటరేసుకుని వచ్చారు. టైపు మిషన్ అలవాటుతో నేను మీటల్ని దంచుతుంటే పాపం ఆయన మొహం చిట్లించుకునేవారు తప్ప ఏమీ అనేవారు కాదు. దేశదేశాల పేజీలు తెచ్చి చూపించే దాన్ని బ్రౌజర్ అంటారని చెప్పారు. దాని కుడిచేతి మూలన చిన్న నల్లటి గడి, అందులో ఒక ఇంగ్లీషు అక్షరం ఉండేవి. ఆ గడిలో తోకచుక్కలు రాలుతున్నంత సేపూ పేజీ వస్తున్నట్టు, రాలడం ఆగితే వచ్చేసినట్టు లెక్క. ముందు ఫోను లైను కలపాలి. మోడెమ్ కీచుకీచుమని కాసేపు గోల పెట్టాక, పొడుగాటి అడ్రసు ఒక్క చుక్క కూడా తప్పకుండా కొట్టాలి.

ఆయన చెప్పినవన్నీ నంబర్లు వేసి పుస్తకంలో రాసుకున్నాను. ఏడో నంబరులో ఉన్నది ఇదీ. ఒకసారి తెచ్చిన పేజీని మిషన్ తనలోనే దాచుకుంటుంది. మిషన్ ఆపి మళ్ళీ పెట్టేదాకా ఎన్నిసార్లు అడిగినా ఆ దాచిందే చూపిస్తుంది. అప్పటికప్పుడు కొత్తది కావాలంటే పైనున్న రీలోడ్ అనే బొత్తాం నొక్కాలి. రాసి కింద గీత కూడా గీశాను. అయితే రోజూ సాయంత్రం మిషన్ ఆపేసి వెళ్ళి, పొద్దున్నే పెట్టేదాన్ని. దాంతో ఆ బొత్తాం అవసరం ఎప్పుడూ రాలేదు.

బొమ్మ రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది. పైనుంచి కిందకి సన్నటి చారలుగా దిగేది. ముందు మంచు కొండలు, తరవాత ఢిల్లీ, ఆ తరవాత నాగపూరు. తీరా మన వైపు వచ్చేసరికి లైను తెగిపోయేది. మంచు కొండల మీద మబ్బులున్నాయన్న సంగతి తెలుసుకుని బోటు డ్రైవర్లు టీ తాగి వెళ్ళిపోయేవారు. మూడు నాలుగుసార్లు కలిపితే గానీ సముద్రం కనిపించేది కాదు.

ఇంత తతంగాన్నీ విసుగులేకుండా చూసిన మనిషి మా నాన్న ఒక్కడే. ఆయన పేరు తాతబాబు. నలభై ఏళ్ళు తెప్ప మీద వేటాడాడు. కాళ్ళు సహకరించక ఒడ్డున పడ్డాక కూడా, వేటకి వెళ్ళే డ్రైవర్లు ముందు ఆయన్ని ఒక మాట అడిగి బయల్దేరేవారు. గాలి ఎటుంది, నీరు ఎలా లాగుతోంది అని ఆయన చూసి సరేనంటే తాడు విప్పేవారు. ఆ మర్యాద తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు. ఈ మధ్య కళ్ళలో శుక్లాలు పడి ఆ చూపు కూడా మసకబారుతోంది. రోజూ వచ్చి స్టూలు వేసుకుని, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చునేవాడు.

మొదటిసారి సముద్రం పూర్తిగా దిగిన రోజున ఆయన తెర మీద ఒడ్డు పొడుగునా వేలు పెట్టి రాశాడు. "పైనుంచి సూత్తే ఇలాగుంటాదేటే మన సంద్రం," అన్నాడు. "నలభై ఏళ్ళు దాని మీదే బతికినాను. ఒక్కపాలి కూడా మొత్తం సూణ్ణేదు."

ఆ బొమ్మ వల్ల తన మాటకి విలువ తగ్గుతుందని ఆయన అనుకోలేదు. నా కూతురు తెచ్చిన బొమ్మ అని పైగా గర్వపడ్డాడు. నేను ప్రింటు తీసి ఇస్తే, ఆ కాగితం పట్టుకుని జెట్టీ మీదకి వెళ్ళి డ్రైవర్లకి చూపించి, తరవాత ఐసు ఫ్యాక్టరీ లోపలి గోడకి అంటించి వచ్చేవాడు. ఆ నెలలోనే రెండుసార్లు రేడియో వద్దంది, బొమ్మలో మబ్బు లేదు, నాన్న వెళ్ళమన్నాడు. రెండుసార్లూ బోట్లు నిండుగా రొయ్యలతో తిరిగి వచ్చాయి. అక్కణ్ణించి ఇక రేడియో పెట్టినవాణ్ణి చూసి జనం నవ్వడం మొదలుపెట్టారు.

నా భర్త గురువులు, కృష్ణంరాజు మావయ్య బోటుకే డ్రైవరు. నాకు మేనత్త కొడుకు. పొద్దున్నే అన్నం కేరేజీ కట్టిస్తుంటే, "ఏటి, ఈయాల మీ మిసను ఏటంతంది? ఎల్లమంతందా, తొంగోమంతందా?" అని ఏడిపించేవాడు. అతని బోటులో వలలు లాగే కలాసీ వరహాలు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. వరహాలు పెళ్ళాం రాణి, నేను ఆఫీసులో ఇరుక్కుపోయిన రోజున నా బిందె కూడా తనే కుళాయి వరసలో పెట్టి, నీళ్ళు పట్టి మా గుమ్మంలో దించేది. అడగకుండానే చేసేది. నాకు ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద సాయం లేదు.

కార్తీకం సగం గడిచింది. ఒక శనివారం మా అమ్మ అసిరమ్మకి జ్వరమొస్తే, చేపల వేలంపాటకి తన బదులు నేనే తట్ట పట్టుకుని తెల్లవారుజామున వెళ్ళాను. వచ్చి వంట చేసి, ఆఫీసుకి పోయి, సాయంత్రం ఆరింటిదాకా చీటీలు రాశాను. ఆ రోజు బొమ్మ శుభ్రంగా వచ్చింది. సముద్రం మీద ఒక్క తెల్లటి మచ్చ లేదు. ఐసు ఉత్తరం సగం కొట్టి వదిలేశాను. లైను తీసేశాను. మిషన్ ఆపాలంటే అది చెయ్యమంటావా, ఇది దాచమంటావా అని పది ప్రశ్నలు వేస్తుంది. వాటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. తెర ఒక్కటీ ఆర్పేసి తాళం వేశాను. కింద పెట్టెకి పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. చూశాను. రేపు ఆదివారమే కదా అనుకున్నాను.

ఆదివారం రాత్రి రేడియోలో నడి సముద్రంలో వాయుగుండం పడుతోందని చెప్పారు. సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఎనిమిది బోట్లు ఐసు ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాయి. వారం రోజుల వేట. డ్రైవర్లు అటూ ఇటూ తేల్చుకోలేక ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. బొమ్మ చూశాక చెబుతాను, అంతదాకా ఆగండి అన్నాడు నాన్న. అందరి కళ్ళూ నా వీపు మీదే. తెర వెలిగించాను, లైను కలిపాను, మోడెమ్ ఎప్పటిలాగే గోలపెట్టింది. అడ్రసు నొక్కాను. ఎనిమిది నిమిషాలు పట్టే బొమ్మ రెప్పపాటులో నా ముందుంది. తోకచుక్కలు ఒకటో రెండో రాలాయి, అంతే. ఇన్నాళ్ళకి ఈ లైను బాగుపడింది, నా పరువు దక్కింది అని ఎంత సంతోషించానో. సముద్రం మీద ఒక్క మచ్చ లేదు.

ప్రింటు తీశాను. రిబ్బను అరిగిపోయి అడుగున తేదీ వేసే గీత వెలిసిపోయినట్టు పడింది. నాన్న దాన్ని ఎలాగూ చదవలేడు. కాగితం అందుకుని కిందకి వెళ్ళాడు. డ్రైవర్లు ఆయన వెనకాలే లేచారు.

నేను ఐసు ఉత్తరం కొడదామని బొమ్మని పక్కకి జరిపాను. దాని వెనక శనివారం నేను సగంలో వదిలేసిన ఉత్తరం అలాగే తెరిచి ఉంది. అది నేను కొత్తగా తెరిచింది కాదు. మిషన్ అసలు ఆగనే లేదు. అప్పుడు ఏడో నంబరు గుర్తొచ్చింది. పచ్చ దీపం కూడా గుర్తొచ్చింది. చెప్పులు లేకుండా జెట్టీ మీదకి పరిగెత్తాను.

ఏడు బోట్లు అప్పటికే వెళ్ళిపోయాయి. చివరిది గురువులు బోటు. తాడు విప్పేశారు. జెట్టీకీ దానికీ మధ్య నాలుగు బారల నీళ్ళు మాత్రం ఉన్నాయి. వరహాలు వెనకవైపు నిలబడి తాడు చుట్టుకుంటూ, నేను పరిగెత్తుకు రావడం చూసి నవ్వాడు. మొగుడికి కేరేజీ తెచ్చాననుకున్నాడేమో. మాలో సముద్రానికి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. అన్నం మర్చిపోయినా సరే, ప్రాణం పోయినా సరే, తాడు విప్పాక పిలవరు. అది నాకు తల్లిపాలతో పాటు వచ్చింది. నోరు తెరిచాను. నాన్న నా భుజం పట్టుకున్నాడు.

"ఎనక పిలవకు," అన్నాడు. తరవాత నా మొహం చూసి, "ఏటే?" అన్నాడు.

చెప్పవచ్చు. ఆ క్షణంలో చెబితే ఆయన పిలిచేవాడో లేదో నాకు తెలియదు. కొత్త బొమ్మ కూడా ఇలాగే ఉంటుందేమో, ఊరికే అపశకునం చేస్తానేమో అని ఒక పక్క. ఇంకో పక్క, నా అశ్రద్ధ వల్ల ఇలా జరిగిందని ఇంతమంది ముందు అరవడానికి సిగ్గు. ఏది ఎక్కువో ఇప్పటికీ తూచలేను.

"ఏట్నేదు నాన్నా," అన్నాను.

ఆఫీసుకి వచ్చి రీలోడ్ బొత్తాం నొక్కాను. చారలు దిగడం మొదలయ్యాయి. మంచు కొండలు, ఢిల్లీ, నాగపూరు. ఆ రోజు లైను తెగలేదు. మన సముద్రం వచ్చేసరికి అరచేతి వెడల్పున తెల్లటి సుడి. దాన్ని మావయ్య దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త బొమ్మ ఇప్పుడే వచ్చిందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆయన పోర్టుకీ కోస్టుగార్డుకీ ఫోన్లు చేశాడు. మా బోట్లలో అంత దూరం వినపడే వైర్‌లెస్ ఒక్కదానికీ లేదు.

మంగళవారం రాత్రికి గాలి మొదలైంది. మూడు రోజులు పేటంతా ఒడ్డునే ఉంది. రాణీ నేనూ ఒకే టార్పాలిన్ కింద కూర్చున్నాం. రాణి నా చెయ్యి పట్టుకుని, గురువులు గట్టివాడని, మన బోటుకి ఏమీ కాదని నాకు ధైర్యం చెప్పింది. చెప్పాల్సింది నేను. ఆ చేతిలోంచి నా చెయ్యి తీసుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. తీసుకోలేదు. ఆమెకి ఆసరాగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకే ఆ ఆసరా కావాలి.

గురువారానికి ఏడు బోట్ల కబురు తెలిసింది. కొన్ని కాకినాడ, కొన్ని భీమిలి చేరుకున్నాయట. శుక్రవారం మధ్యాహ్నం మా బోటుని ఇంకో బోటు లాక్కుని వచ్చింది. వెళ్ళింది ఆరుగురు. జెట్టీ మీదకి అయిదుగురు దిగారు. గురువులు నా పక్కనుంచి నన్ను చూడకుండా నడిచి రాణి ముందుకెళ్ళి నిలబడ్డాడు. రాణి అతన్ని చూడలేదు. అతని భుజం మీంచి బోటు వైపు చూస్తూ ఉండిపోయింది, ఇంకా ఒకరు దిగాలి కదా అన్నట్టు.

వరహాలు దొరకలేదు. పదకొండో రోజున పేట పెద్దలు కూర్చున్నారు. ఐసు ఫ్యాక్టరీ గోడ మీది కాగితం ఎవరో చింపి తెచ్చారు. చదువుకున్న కుర్రాళ్ళు వెలుతురులో పెట్టి చూస్తే వెలిసిపోయిన గీతలో శనివారం తేదీ కనిపించింది. మావయ్య నా వైపు తిరిగి, ఇది శనివారం బొమ్మేనా అని అడిగాడు. నేను ఆడవాళ్ళతో చాప మీద కూర్చుని ఉన్నాను. లేవబోయాను. నేను లేచేలోపే నాన్న లేచాడు.

"శనోరందే," అన్నాడు. "మా గుంట రోజా ముందే సెప్పింది. ఇది పాతది నాన్నా, కొత్తది తెత్తాను, ఆగమను అంది. నానే ఇన్నేదు. జాగైపోతందని నానే అట్టుకెల్లిపోనాను."

ఆయన ఆ మాట ఎప్పుడు అల్లుకున్నాడో నాకు తెలియదు. జెట్టీ మీద నా మొహం చూసినప్పుడే అర్థమైపోయి ఉంటుంది. ఎవరూ అరవలేదు. రాణి మాత్రం లేచి వెళ్ళి, ఆయనకి ఎదురుగా నిలబడి, ఆ కళ్ళు పూర్తిగా పోవాలని, చివరికి ఆయన్ని మోసేవాళ్ళు కూడా దొరక్కూడదని తిట్టింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఇక మీద వేటకి వెళ్ళే ముందు తాతబాబు మాట ఎవరూ అడగకూడదని పెద్దలు తీర్మానించారు. అప్పుడు నాకు మొట్టమొదట కలిగింది ఊరట. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే కలిగింది. దుఃఖం ఇంటికి వచ్చాక వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని, రేపు అందరికీ చెప్పేస్తానన్నాను. "నీకు ఉద్దోగం ఉండాల. నాకేటి, ఒడ్డున పడిపోయినోణ్ణి," అన్నాడు. "నోరెత్తినావంటే నా మీద ఒట్టే." ఆ ఒట్టుని నేను భద్రంగా పట్టుకున్నాను. అంతకన్నా మంచి సాకు నాకు ఎక్కడ దొరుకుతుంది.

గురువులు మళ్ళీ బోటెక్కలేదు. కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి పరవాడలో ఒక మందుల కంపెనీలో గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. షిఫ్టు బస్సు దిగి ఇంటికొచ్చి, ఒంటికి మందుల కంపు కొడుతూ మాట్లాడకుండా పడుకునేవాడు. ఆ బొమ్మ సంగతి నన్ను ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. నాన్న అరుగు మీద వలలు బాగుచేస్తూ కూర్చునేవాడు. జెట్టీకి వెళ్ళే డ్రైవర్లు ఆయన ముందు నుంచి తలొంచుకుని దాటిపోయేవారు. మా బిందె మళ్ళీ ఎవరూ కుళాయి వరసలో పెట్టలేదు. ఆయన వీధిలో కనబడితే చాలు, రాణి పిల్లల్ని లోపలికి లాక్కుని తిట్లు మొదలుపెట్టేది. ఏడేళ్ళు అలా గడిచాయి. ఆయన పోయినప్పుడు పేటంతా వచ్చింది, రాణి రాలేదు.

పోయిన నెల నేను ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ప్రతి కలాసీ చేతిలోనూ ఫోనుంది, మబ్బులు వాళ్ళే చూసుకుంటున్నారు. ఖాళీగా ఇంట్లో కూర్చుంటే ఇన్నాళ్ళూ మోసిందంతా ఒక్కసారిగా బరువెక్కింది. ఒక మధ్యాహ్నం రాణి ఇంటికి వెళ్ళాను. కూతుళ్ళిద్దరూ అచ్యుతాపురంలో పనికి పోతారు. తను ఒక్కతే వాకిట్లో గోనెపట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన కూర్చుని శనివారం నుంచి మొదలుపెట్టి చెప్పాను. పచ్చ దీపం, ఏడో నంబరు, నాలుగు బారల నీళ్ళు, నాన్న లేచి చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. రాణి నా వైపు చూడకుండా ఒక్కొక్క చేపే తిరగేస్తూ వింది. గోనెపట్టా చివరిదాకా వచ్చాక చేతులు దులుపుకుంది.

"ఏడేళ్ళు ఆ ముసలోణ్ణి తిట్టినాను," అంది. "సచ్చిపోతే కూడా తిట్టినాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడెట్టుకోమంతావు?"

నా మీద పెట్టమన్నాను.

రాణి అప్పుడు నా వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం కోసం వెతికాను, కనబడలేదు. "నీ మీదెట్టడానికి నాకు ఓపిక నేదు రోజా," అని, ఆరిన చేపలు తట్టలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.